మంచాన పడితే ఉంచుకుంటారా? హైదరాబాద్ శివారు సీనియర్ కమ్యూనిటీలో మా పది రోజులు

ముందు ఒక్క మాట చెప్పి మిగతాది రాస్తాను. వయసు మళ్ళినవాళ్ళ కోసమే కట్టిన ఇలాంటి చోటు నచ్చితే ఒక పూట చూసొచ్చి అడ్వాన్స్ కట్టకండి. బట్టలు, మందులు సర్దుకుని వెళ్ళి కనీసం వారం పది రోజులు ఉండండి. పగలు పదకొండింటికి మేనేజర్ వెంట తిరిగి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. రాత్రి పదకొండింటికి ఎలా ఉంటుందో అక్కడ పడుకుంటేనే తెలుస్తుంది.

నాకు 69, మా వారికి 75. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను, ఆయన కరెంటు ఆఫీసులో చేశారు. తెనాలిలో సొంత ఇల్లు ఉంది. అబ్బాయి డల్లాస్‌లో, అమ్మాయి పుణెలో. పోయిన వానాకాలం తెల్లవారుజామున మూడింటికి ఆయన బాత్‌రూమ్‌లో జారిపడ్డారు. అదృష్టం కొద్దీ ఎముక విరగలేదు కానీ ఆయన్ని లేపడం నా వల్ల కాలేదు, నా మోకాళ్ళ సంగతి నాకు తెలుసు, వంగితే నేనూ అక్కడే కూలబడతాను. పక్కింటి తలుపు కొట్టి, వాళ్ళు లేచి, వాళ్ళ అబ్బాయి వచ్చి ఆయన్ని కూర్చోబెట్టేసరికి నలభై నిమిషాలైంది. అంతసేపూ ఆయన తడి నేల మీద, తల కింద నేను పెట్టిన తువ్వాలు మీద పడుకుని "ఏం కాలేదులే, నువ్వు టెన్షన్ పడకు" అంటూనే ఉన్నారు. మా వెతుకులాట ఆ తెల్లారి నుంచే మొదలైంది.

సంగతి తెలిసి మా ఆడపడుచు ఫోన్ చేసి "కొడుకూ కూతురూ ఉండగా ఆశ్రమానికి వెళ్ళడమేంటి వదినా, నలుగురూ ఏమనుకుంటారు" అంది. అబ్బాయి కూడా నొచ్చుకున్నాడు. వాడి దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చాం, ప్రేమకి లోటు లేదు, కానీ కారు లేకుండా గడప దాటలేని ఊళ్ళో, పొద్దున అందరూ వెళ్ళిపోయాక సాయంత్రం దాకా ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చోవడం మా వల్ల కాలేదు. వాడికి అదే చెప్పాను. అలిగి వెళ్ళడం లేదురా, మీరు కంగారు పడకుండా ఉండాలనే వెళ్తున్నాం అని.

మూడు చోట్లు చూశాం. మొదటి రెండు ఎందుకు వదిలేశామో రెండు ముక్కల్లో చెప్తాను. ఒకటి ఊరికి మరీ దూరం, పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే గంటన్నర. రెండోదాంట్లో స్విమ్మింగ్ పూల్, మినీ థియేటర్, జిమ్ అన్నీ చూపించారు, నర్సు రాత్రి ఉంటుందా అంటే మాట మార్చారు. మూడోది ఔటర్ రింగ్ రోడ్‌కి దగ్గర్లో, మూడు బ్లాకులు, తొంభై ఫ్లాట్ల దాకా. 55 దాటిన వాళ్ళకే. దీని గురించే ఈ రివ్యూ. పేరు మాత్రం రాయను, నేను చెప్పిన లోపాల్లో కొన్ని వాళ్ళు సరిచేసే పనిలో ఉన్నారు, పైగా నేను అడిగిన ప్రశ్నలు ఏ కమ్యూనిటీలో అయినా అడగాల్సినవే. ట్రయల్ స్టే అని ఇద్దరికీ భోజనాలతో కలిపి రోజుకి 2,500 తీసుకున్నారు. పది రోజులకి పాతికవేలు. ఇంత ఉపయోగపడిన ఖర్చు ఈ మధ్య నేను పెట్టలేదు.

మొదటి రోజు రాత్రే బెల్లు సంగతి చూశాను. బాత్‌రూమ్‌లో కమోడ్ పక్కన గోడకి ఎర్ర తాడు ఉంటుంది, లాగితే కింద సెక్యూరిటీ దగ్గరా నర్సు గదిలోనూ మోగుతుంది. బ్రోచర్లో పెద్ద ఫోటో వేశారు దానికి. వెళ్ళి చూస్తే తాడు రెండు మడతలు వేసి పైన ముడేసి ఉంది. ఊడ్చి తుడిచే అమ్మాయిని అడిగితే "కడిగేటప్పుడు తడిసిపోతుందని పైకి కట్టామమ్మా" అంది. తన తప్పేం లేదు, ఆ తాడు ఎందుకు ఉందో ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. నేను కొంగు దోపుకుని ఆ నేల మీద కూర్చుని చెయ్యి చాపి చూశాను, జానెడు దూరంలో ఆగిపోయింది. పడ్డవాళ్ళు కూర్చుని ఉండరు కదా, పడుకుని ఉంటారు. మా వారు తడి నేల మీద పడుకున్న ఆ రాత్రి కళ్ళ ముందుకొచ్చి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ముడి విప్పి తాడు కిందికి వదిలి, రాత్రి పది నలభైకి లాగాను. సెక్యూరిటీ అబ్బాయి ఆరు నిమిషాల్లో వచ్చాడు, నర్సు పదకొండో నిమిషానికి వచ్చింది. ఇది బాగుంది, మనస్ఫూర్తిగా చెప్తున్నాను. విసుక్కోలేదు, "చెక్ చేశారా అమ్మమ్మా, మంచి పని చేశారు" అంది ఆ నర్సు. కానీ అప్పుడే ఇంకోటి బయటపడింది. వాళ్ళ దగ్గర మాస్టర్ తాళంచెవి ఉంది, తలుపుకి లోపల గడియ కూడా ఉంది. మనలో ఎవరం రాత్రి గడియ పెట్టకుండా పడుకుంటాం? నేనూ పెట్టాను. వాళ్ళు వచ్చి బయట నిలబడ్డారు, నేను వెళ్ళి గడియ తీస్తేనే లోపలికి రాగలిగారు. నిజంగా పడిపోయి ఉంటే తలుపు పగలగొట్టాలి. బాత్‌రూమ్ తలుపూ అంతే, లోపలికి తెరుచుకుంటుంది, మనిషి తలుపుకి అడ్డంగా పడితే బయటివాళ్ళు తోయలేరు. బయటికి తెరుచుకునేదో, పక్కకి జరిగేదో ఉండాలి.

పొద్దున్నే మేనేజర్‌కి రాసిచ్చాను. మా బ్లాకులో తాళ్ళన్నీ ఆ మధ్యాహ్నానికే నేలకి జానెడెత్తు దాకా వదిలేశారు, మిగతా బ్లాకుల్లో రెండు రోజుల్లో చేశారు. గడియల విషయం మేం వచ్చేసే రోజుకి ఇంకా తేలలేదు. బయటి నుంచి కూడా తెరవగలిగే రకం పెట్టిస్తామన్నారు.

భోజనం గురించి ఎంత రాసినా తక్కువే, ఎందుకంటే రోజుకి మూడు పూటలు వాళ్ళ చేతి వంట తినాలి, అది పడకపోతే మిగతా సౌకర్యాలన్నీ దండగ. పొద్దున ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా మారుస్తూ పెడతారు, షుగర్ ఉన్నవాళ్ళకి రాగిజావ. మధ్యాహ్నం పప్పు, ఒక కూర, ఒక వేపుడు, చారు లేదా సాంబారు, పెరుగు. అన్నం రెండు రకాలుగా వండుతారు, పళ్ళు లేనివాళ్ళకి మెత్తగా ఒకటి, మామూలుగా ఇంకొకటి. ఎవరికి తట్టిందో గానీ ఈ ఒక్క ఏర్పాటుకే దండం పెట్టాలి. ఉప్పు తగ్గించి వండి, టేబుల్ మీద ఆవకాయ, గోంగూర, ఉప్పు డబ్బా పెడతారు. రాత్రి ఏడింటికే భోజనం, జొన్నరొట్టె అడిగితే ముందు రోజు చెప్పాలి. వంటావిడ గుంటూరు వైపు మనిషి, రెండో రోజు దొండకాయ కూర తిని మా వారు లోపలికి వెళ్ళి మరీ చెప్పొచ్చారు.

నచ్చనిది చేప. మా ఇంట్లో వారానికి రెండుసార్లయినా చేపల పులుసు ఉండాలి, ఇక్కడ డైనింగ్ హాల్లో పూర్తిగా శాకాహారం, ఆదివారం గుడ్డు కూడా లేదు. ఎవరి ఫ్లాట్లో వాళ్ళు వండుకోవచ్చు, అభ్యంతరం లేదు. ఈ రకం కమ్యూనిటీలు చాలావాటిలో శాకాహారమే పెడతారు, కాబట్టి మాంసాహారం తినేవాళ్ళు ముందే అడిగి తెలుసుకోండి, ఫ్లాట్లో వండుకోవడానికైనా ఒప్పుకుంటారో లేదో కాగితంలో చూసుకోండి.

డైనింగ్ హాల్లో కుర్చీలకి చేతులు లేవు. చూడ్డానికి కొత్తగా, హోటల్లోలాగా ఉన్నాయి. భోజనం అయ్యాక లేవాలంటే మా టేబుల్ దగ్గర నలుగురం బల్ల అంచు పట్టుకుని లేచాం, ఒకావిడ లేచేటప్పుడు బల్ల కదిలి మజ్జిగ గ్లాసు ఒలికింది. చేతులున్న కుర్చీలు మార్చమని అక్కడ ఉంటున్నవాళ్ళు ఏడాదిగా అడుగుతున్నారట. ర్యాంపులు మాత్రం పద్ధతిగా కట్టారు. ఒక అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు ఉండాలన్నది లెక్క, నేను అడుగులేసి కొలిచాను, సరిపోయింది. లిఫ్టులో స్ట్రెచర్ పడుతుంది. మా వారు తన పాత ఉద్యోగం మర్చిపోకుండా కరెంటు పోయినప్పుడు జనరేటర్ ఎంతసేపట్లో అందుకుంటుందో చూశారు, ఇరవై సెకన్లలోపే. ఆక్సిజన్ మిషన్ మీద ఉన్నవాళ్ళకి ఇది చాలా ముఖ్యం.

డాక్టరు పొద్దున రెండు గంటలు ఉంటారు, నర్సు 24 గంటలూ. బీపీ, షుగర్ చూసి పుస్తకంలో రాస్తారు, ఆ పుస్తకం ఫోటో తీసి పిల్లలకి వాట్సాప్‌లో పంపిస్తారు, మా అమ్మాయికి ఇది బాగా నచ్చింది. అంబులెన్సు గేటు దగ్గరే కనిపిస్తుంది. రాత్రి డ్రైవర్ ఎవరని అడిగితే, రాత్రి తొమ్మిదికి డ్రైవర్ ఇంటికి వెళ్ళిపోతాడని తెలిసింది! ఆ తర్వాత అవసరమైతే 108కే ఫోన్ చేస్తారట. 108 మన దగ్గర 2005లో మొదలైన సర్వీసు, దాని మీద నాకు గౌరవం ఉంది, ఎంతోమంది ప్రాణాలు నిలిపింది. కానీ అంబులెన్సు ఉందని చెప్పి నెలనెలా డబ్బు తీసుకుంటున్నప్పుడు రాత్రి డ్రైవర్ ఉండాలి కదా. పక్షవాతం లాంటిది వస్తే నాలుగున్నర గంటల్లోపు మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ పడాలి, అదీ సీటీ స్కాన్ తీసి లోపల రక్తస్రావం లేదని తేల్చాకే వేస్తారు. అందుకే దగ్గర్లో ఆసుపత్రి ఉందా అని అడిగితే చాలదు, రాత్రిపూట స్కాన్ తీసే ఆసుపత్రి ఎంత దూరం అని అడగాలి. ఇక్కడికి 14 కిలోమీటర్లు, మేం రాత్రి క్యాబ్‌లో వెళ్ళి చూశాం, అరగంట పట్టింది.

మనుషులు బాగున్నారు. ఇంతకంటే ఎలా చెప్పాలో తెలియడం లేదు. సాయంత్రం ఐదున్నరకి వేపచెట్టు కింద బెంచీల దగ్గర చేరతారు, తెలుగువాళ్ళే ఎక్కువ, తమిళం వాళ్ళు, మరాఠీ వాళ్ళు కొందరు. మా వారికి చెవి మిషన్ ఉంది, నలుగురు ఒకేసారి మాట్లాడితే అర్థం కాక ఇంట్లో ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా మూల కూర్చుంటారు. ఇక్కడ సగం మందికి అదే ఇబ్బంది, అందుకని ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. నాలుగో రోజుకి ఆయన కరెంటు ఆఫీసు కబుర్లు మొదలుపెట్టి గంటసేపు ఆపలేదు, నేను దూరంగా కూర్చుని చూస్తున్నాను, ఆయన అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. లైబ్రరీలో మాత్రం తొంభై ఫ్లాట్లకి ఒక్క తెలుగు పేపర్, పొద్దున ఎనిమిదికల్లా ఎవరో ఒకరు గదికి తీసుకెళ్ళిపోతారు. మనవలు వస్తే ఏడాదికి నెల రోజుల దాకా ఉండొచ్చు, మనం లేకుండా వాళ్ళు ఉండటానికి లేదు.

ఇప్పుడు చెప్పేది చాలామంది అడగడానికి ఇబ్బంది పడతారు. నేను అడిగాను. మా మామగారి తద్దినం ఇక్కడ పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు, ఫ్లాట్లో మడితో వండుకోవచ్చు, బ్రాహ్మణుల్ని పిలిపించుకోవచ్చు, వెనక తోటలో పిండాలు కాకులకి పెట్టడానికి ఒక గట్టు కూడా ఉంది. తర్వాత, మాలో ఒకరు పోతే? హైదరాబాద్‌లో అద్దె ఇళ్ళలో మనిషి పోతే శవాన్ని లోపలికి రానివ్వని ఓనర్లు ఉన్నారు, ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి తీసుకెళ్ళిన కుటుంబాలు మా బంధువుల్లోనే ఉన్నాయి. పిల్లాడు డల్లాస్ నుంచి రావాలంటే రెండు రోజులు పడుతుంది. మేనేజర్ అమ్మాయి ఈ ప్రశ్నకి కంగారు పడలేదు, లేచి వచ్చి చూపించింది. కింద ఒక గది ఉంది, ఫ్రీజర్ బాక్సు తెప్పిస్తారు, స్నానం చేయించడానికి పక్కనే నీళ్ళ వసతి ఉంది, పిల్లలు వచ్చేదాకా ఉంచుతారు. మెయిన్ గేటు నుంచే తీసుకెళ్తారు, అందరూ వచ్చి నిలబడతారు. వెనక గేటు నుంచి పంపే చోట్లు ఉన్నాయని విన్నాను. ఆ మాట విన్నాక మా వారు నా చెయ్యి పట్టుకుని "ఇది చాలు" అన్నారు.

నాకు చాల్లేదు. పోవడానికి ముందు మంచాన పడటం అనేది ఒకటి ఉంటుంది కదా.

అగ్రిమెంటు కాపీ ముందే అడిగి తీసుకుని, రోజుకి నాలుగు పేజీల చొప్పున చదివాను. పదకొండో పేజీలో ఉంది. నివాసి తన రోజువారీ పనులు తాను చేసుకోలేని స్థితికి వస్తే అరవై రోజుల్లో వేరే ఏర్పాటు చూసుకోవాలట. అంటే నడవగలిగినన్నాళ్ళే ఇది మన ఇల్లు. మేనేజర్‌ని అడిగితే "అది ఊరికే రాసిందండీ, ఎవర్నీ పంపలేదు, అసిస్టెడ్ లివింగ్ బ్లాక్ వచ్చే ఏడాది కట్టేస్తాం" అంది. అంటే తమ పనులు తాము చేసుకోలేనివాళ్ళకి సాయం చేసే మనుషులుండే బ్లాక్. ఎవర్నీ పంపలేదన్న మాట నిజమే, అక్కడివాళ్ళని అడిగి తెలుసుకున్నాను. పక్క బ్లాకులో ఒక బ్యాంకు ఆఫీసరు గారి భార్యకి మతిమరుపు జబ్బు, ఆయన్నే కొన్నిసార్లు గుర్తుపట్టదు. పగలొకరు రాత్రొకరు కేర్‌టేకర్లని ఆయనే పెట్టుకున్నారు, ఇద్దరికీ కలిపి నెలకి 45 వేల దాకా అవుతోంది. కమ్యూనిటీ వాళ్ళు వెళ్ళమనలేదు, కానీ సాయమూ లేదు. "ఇవాళ ఉన్న మేనేజ్‌మెంటు మంచిది అమ్మా, రేపు చేతులు మారితే ఆ పదకొండో పేజీ తీస్తారు" అన్నారాయన. నేను పది రోజుల్లో విన్న మాటలన్నిట్లో బరువైనది అదే.

కేంద్ర గృహ నిర్మాణ శాఖ 2019లో రిటైర్మెంట్ హోముల మీద నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది, అవి రాష్ట్రాలకి సూచనలు మాత్రమే, వాటిని చూపించి ఎవర్నీ నిలదీయలేం. కొనేటట్టయితే రెరా, అంటే ఇళ్ళ ప్రాజెక్టుల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ, దాని రిజిస్ట్రేషన్ చూసుకోవచ్చు, కానీ నర్సు, భోజనం, కేర్‌టేకర్ లాంటివి ఎలా ఉంటాయో చెప్పేది మీ అగ్రిమెంటే. అందుకే నమ్మకం కాగితం మీద ఉండాలంటున్నాను.

డబ్బు లెక్క కూడా చెప్తాను, టీచర్ని కాబట్టి వేసుకోకుండా ఉండలేను. డబుల్ బెడ్‌రూమ్ అద్దె 30,000. సర్వీస్ ఛార్జీలు 14,000, దాని మీద జీఎస్టీ 18 శాతం, అంటే ఇంకో 2,520. ఇద్దరికీ భోజనం 16,000, దాని మీద 5 శాతం 800. మొత్తం 63,320, కరెంటు, మందులు వేరే. ఇది మోయగలం. మా ఇద్దరి పెన్షన్లు ఉన్నాయి, సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 30 లక్షలు వేశాను, 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. చిక్కంతా ఎక్కడంటే, ఛార్జీలు ఏటా 8 శాతం పెంచుతామని రాశారు. అలా పెరిగితే ఐదేళ్ళకి 93 వేలు, తొమ్మిదేళ్ళకి రెట్టింపు. నా వడ్డీ మాత్రం ఐదేళ్ళూ అదే 61,500. ఇలాంటి చోటుకి వెళ్ళేవాళ్ళు ఈ నెల ఎంత అని కాకుండా తొమ్మిదో ఏడు ఎంత అని అడగండి. ఇద్దరిలో ఒకరు పోయాక మిగిలిన ఒక్కరికి ఎంత అవుతుందో కూడా అడగండి. ఇక్కడ భోజనం సగమవుతుంది, మిగతాదేదీ తగ్గదు, పెన్షన్ మాత్రం ఒకరిదే మామూలుగా వస్తుంది, రెండోది ఫ్యామిలీ పెన్షన్‌గా తగ్గి వస్తుంది.

కొనమని కూడా చాలా చెప్పారు. కొనడం లేదు. తెనాలి ఇల్లు అమ్మి ఇందులో పెడితే రేపు నచ్చకపోతే 55 దాటినవాళ్ళకే అమ్ముకోవాలి, అంత తొందరగా కొనేవాళ్ళు దొరకరు. ఇల్లు పిల్లల పేర రాసేసి వద్దామనుకునేవాళ్ళకి ఒక మాట, మమ్మల్ని చూసుకోవాలన్న షరతు ఆ గిఫ్ట్ డీడ్‌లోనే రాయించండి. తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ, సంక్షేమం కోసం వచ్చిన 2007 చట్టం 23వ సెక్షన్ కింద చూసుకోకపోతే రద్దు చేయమని ట్రిబ్యునల్‌ని అడగొచ్చు, షరతు కాగితంలో ఉంటేనే ఆ దావా నిలబడటం తేలిక.

స్టార్లు ఇవ్వాలంటే భోజనానికి, మనుషులకి, పోయినవాళ్ళ పట్ల మర్యాదకి ఐదుకి ఐదు. రాత్రి వైద్యానికి మూడు. అగ్రిమెంటుకి రెండు.

మేం ఒక ఏడాదికి అద్దెకి వెళ్దామనుకుంటున్నాం. మూడు అడిగాను, మూడూ రాసిమ్మన్నాను. రాత్రి అంబులెన్సు డ్రైవర్, బయటి నుంచి తెరిచే గడియలు, పదకొండో పేజీలో ఆ అరవై రోజుల మాట కొట్టేసి దాని చోట మా సొంత ఖర్చుతో కేర్‌టేకర్‌ని పెట్టుకుని ఉండొచ్చు అని రాయడం. మొదటి రెంటికీ సరేనని ఉత్తరం వచ్చింది. మూడోదానికి హెడ్ ఆఫీసులో అడుగుతున్నారట. మా వారు సూట్‌కేసు అటక మీద పెట్టనివ్వడం లేదు, మంచం పక్కనే ఉంది. నేను చెక్కు మాత్రం ఆ మూడో కాగితం చేతికొచ్చాకే రాస్తాను.